కంపైలర్ నోరు మూయించడం ఎలా?

సి కోడుతో కాపురం చేసే వాళ్ళందరికీ ఇది అనుభవమే అయ్యుంటుంది. ఎవరో రాసిపెట్టి వెళ్ళిపోయిన పాత ప్రాజెక్టు ఒకటి చేతికొస్తుంది. కొత్త మిషన్ మీద బిల్డ్ కొడతాం. ఎర్రర్లు ఉండవు కానీ తెర నిండా వార్నింగులు. "రైట్ ఫంక్షన్ ఇచ్చిన విలువని పట్టించుకోలేదు", "సిస్టమ్ ఇచ్చింది పట్టించుకోలేదు", "స్కాన్ఎఫ్ ఇచ్చింది పట్టించుకోలేదు"... పాత మిషన్ మీద ఇదే కోడు కిక్కురుమనకుండా కంపైలయ్యేది. "ఈ ఉబుంటుకి చాదస్తం ఎక్కువ" అనుకుని మన పని మనం చూసుకుంటాం.

నిజానికి చాదస్తం మొదలెట్టింది ఉబుంటు కాదు లెండి. ఆ వార్నింగుకి కావలసిన యాట్రిబ్యూట్ జీసీసీ 3.4తో, అంటే 2004లోనే వచ్చింది. జీలిబ్‌సి వాళ్ళు దాన్ని తమ హెడర్లలో చాలా ఫంక్షన్లకి తగిలించారు, కాకపోతే ఫోర్టిఫై సోర్స్ ఆన్ చేస్తేనే బయటకొచ్చేలా. 2008లో ఉబుంటు 8.10 దాన్ని డిఫాల్టుగా ఆన్ చేసేసరికి అందరి బండారం ఒక్కసారి బయటపడింది. అంతే.

కొన్నేళ్ళ కిందట మా క్లయింటు ఒకాయన "శుక్రవారానికల్లా వార్నింగులు సున్నా అవ్వాలి" అని హుకుం జారీ చేశాడు. మూడొందల చిల్లర ఉన్నాయి. నేనూ, ఇంకో జూనియర్ కుర్రాడూ కూర్చున్నాం. ముందు (వాయిడ్) అని క్యాస్ట్ చేశాం. "తెలిసే వదిలేస్తున్నాను" అని చెప్పడానికి లింట్ కాలం నుంచీ ఉన్న పద్ధతి అది. క్లాంగ్ వింటుంది, జీసీసీ వినదు. దీని మీద బగ్‌జిల్లాలో ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు, అయినా వినదు. సరే, ఒక వేరియబుల్ పెట్టి అందులోకి తీసుకున్నాం. జీసీసీ 4.6 (2011) నుంచి దానికీ ఒక వార్నింగుంది, "వేరియబుల్‌లో పెట్టావు కానీ వాడలేదు" అని. అప్పుడు ఆ వేరియబుల్‌ని వాయిడ్ చేశాం. ఈ మొత్తం తతంగాన్ని ఒక మాక్రోలో చుట్టి మూడొందల చోట్లా అతికించేశాం. రెండు రోజుల పని. శుక్రవారం మెచ్చుకోలు మెయిలొచ్చింది, పిజ్జాలు కూడా వచ్చాయి :)

ఏడు నెలల తర్వాత ఒక రాత్రి సర్వర్లో డిస్కు నిండిపోయింది. మా ప్రోగ్రాం సగం ఫైలు రాసి, సున్నా ఎగ్జిట్ కోడుతో హాయిగా ముగించింది. అవతలి సిస్టమ్ ఆ సగం ఫైలునే పూర్తి ఫైలనుకుని మింగేసింది. లెక్కల్లో తేడా కనిపెట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఎవరి చెయ్యి పడిందో చూద్దామని ఎస్‌విఎన్ బ్లేమ్ కొడితే ఆ లైను మీద నా పేరే ఉంది. లైనులో మా మాక్రో ఉంది. ఆ మాక్రో లేకపోతే అక్కడ కనీసం ఒక వార్నింగన్నా మిగిలుండేది.

ఆ వారమంతా నాకు మా వైపు రైలు గేట్లే గుర్తొచ్చాయి. మాది భీమడోలు దగ్గర. ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్య రైలెక్కిన వాళ్ళకీ, ద్వారకా తిరుమల వెళ్ళడానికి అక్కడ దిగిన వాళ్ళకీ ఊరు తెలిసే ఉంటుంది. మా వీధిలో గేట్‌మన్‌గా చేసిన బాబాయ్ ఒకాయన ఉండేవాడు. ఇంటర్‌లాకింగ్ లేని గేటు దగ్గర పని ఎలా జరుగుతుందో ఆయన చెప్పగానే విన్నాను. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి ఫలానా బండి వస్తోంది, గేటెయ్యమంటాడు. ఈయన గేటేసి, తాళం పెట్టి, తన దగ్గరున్న కాగితంలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్తాడు. రెండంకెల నంబరు. వరసలో ఉండవు కాబట్టి తర్వాతది ఏదో అవతలి వాడు ఊహించలేడు. వాడిన నంబరు కొట్టేస్తాడు. మాస్టర్ దాన్ని రిజిస్టర్లో రాసుకున్నాకే బండికి దారిస్తాడు.

"ఊరికే సరే అంటే చాలదా బాబాయ్?" అనడిగాను.

"సరే అనడానికేముందిరా అబ్బాయ్, నిద్దట్లో కూడా అంటాం. నంబరు చెప్పాలంటే లేచి కాగితం చూడాలి కదా" అన్నాడాయన.

మేం మూడొందల చోట్ల చేసిన పనేమిటంటే, ఫోనే చెయ్యకుండా రిజిస్టర్లో నోటికొచ్చిన నంబరు రాసెయ్యడం. గడి ఖాళీగా ఉంటే తనిఖీకొచ్చిన వాడికైనా కనపడుతుంది. దొంగ నంబరు రాసి ఉంటే ఎవరికీ అనుమానం రాదు. వార్నింగు వదిలేసిన కోడు కన్నా, వార్నింగుని అబద్ధంతో మాన్పించిన కోడు ప్రమాదమని నేననేది అందుకే.

"అయితే ప్రతి ప్రింట్ఎఫ్‌నీ చెక్ చేస్తూ కూర్చోమంటావా?" అని మీరడగొచ్చు. అక్కర్లేదు. ప్రింట్ఎఫ్‌కి జీలిబ్‌సి కూడా వార్నింగు పెట్టలేదు. కానీ తమాషా చూడండి, ఎఫ్‌క్లోజ్‌కి కూడా పెట్టలేదు! బఫర్లో ఉన్నది డిస్కు మీదకి వెళ్ళేది చాలాసార్లు అక్కడే, డిస్కు నిండిన సంగతి తెలిసేదీ అక్కడే. నమ్మకం లేకపోతే లినక్సులో డెవ్ కింద ఫుల్ అనే డివైస్ ఉంటుంది, ఎప్పుడూ నిండిపోయినట్టు నటించేది. మీ హలో వరల్డ్ అవుట్‌పుట్‌ని అందులోకి మళ్ళించి ఎగ్జిట్ కోడు చూడండి. సున్నా వస్తుంది. పుస్తకంలో మొదటి పేజీ ప్రోగ్రామే అబద్ధం చెప్తుందన్నమాట. కాబట్టి వార్నింగులు సున్నా అయినంత మాత్రాన కోడు శుభ్రమైనట్టు కాదు. ఆ సున్నా క్లయింటుకి చూపించుకోవడానికి బాగుంటుంది.

ఇంత రాద్ధాంతం ఎందుకు, పోతే ఒక ఫైలేగా అనుకునేవాళ్ళకి 2010 నాటి ఆండ్రాయిడ్ కథ. ఫోన్లో ఏడీబీ డెమన్ రూట్‌గా మొదలై, సెట్‌యూఐడి పిలిచి మామూలు యూజర్‌గా దిగిపోవాలి. అప్పటి లినక్సులో ఆ యూజర్ ప్రాసెస్‌ల సంఖ్య పరిమితికి చేరితే సెట్‌యూఐడి ఫెయిలయ్యేది. డెమన్ ఆ ఫలితం చూసేది కాదు. ఎవరో గడుసువాడు ప్రాసెస్‌లు పుట్టించీ పుట్టించీ పరిమితి నింపేసి, డెమన్‌ని మళ్ళీ మొదలయ్యేలా చేశాడు. దిగాల్సింది దిగలేదు, రూట్‌గానే ఉండిపోయింది. ఫోను మొత్తం చేతికొచ్చేసింది. ఒక్క ఇఫ్ రాసి ఉంటే ఆగిపోయేది.

దాని తర్వాత జరిగింది నాకు ఇంకా నచ్చుతుంది. 2011లో లినక్స్ 3.1లో ఆ పరిమితి చెకింగుని సెట్‌యూఐడి నుంచి తీసేసి ఎగ్జెక్ దగ్గరికి మార్చారు. జనం ఎలాగూ చూడరని తెలిశాక, చూడకపోయినా కొంప మునగని చోట పెట్టారు. ఇంటర్‌లాకింగ్ కూడా ఇదేగా! గేటు పడందే సిగ్నలే రాదు. రస్ట్ వాళ్ళ రిజల్ట్ టైపు కూడా ఈ బాపతే, విప్పి చూడందే లోపలి విలువ చేతికి రాదు. మన సి కి అంత భాగ్యం లేదు. సి23లో నోడిస్కార్డ్ వచ్చింది కానీ అదీ వార్నింగే.

జీసీసీ మొండితనాన్ని అప్పట్లో తెగ తిట్టుకున్నాను, ఇప్పుడు సగం దాని పక్షమే. మిగతా సగం జీలిబ్‌సి మీద కోపం. అవసరమున్నా లేకపోయినా అన్ని ఫంక్షన్లకీ ఒకే గొంతుతో అరిస్తే మనిషి చెవులు మూసుకుంటాడు. చచ్చిపోతూ ఆఖరి మెసేజీ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాసే రైట్ ఫెయిలైతే చెయ్యడానికేముంది? అలాంటి చోట నేనిప్పటికీ వదిలేస్తాను. ఎందుకు వదిలేశానో పక్కన ఒక లైను రాస్తాను. ఆ లైను రాయడానికి కారణం తట్టకపోతే వదలను.

ఆ మాక్రోని మేం తర్వాత పీకేశాం. మూడొందలూ తిరిగొచ్చాయి. ఈసారి ఒక్కొక్కటే చూస్తూ వెళ్తుంటే మూడో ఫైల్లోనే కుర్రాడు ఆగిపోయాడు. "అన్నా, ఇక్కడ ఫెయిలైతే ఏం చెయ్యాలి? ఆపెయ్యాలా, మళ్ళీ ప్రయత్నించాలా?" అన్నాడు. నాకు తెలీదు. మేనేజర్ని అడిగాను, ఆయనకీ తెలీదు. క్లయింటుకి మెయిల్ పెట్టాం. అక్కణ్ణుంచి జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది.