ఏడో రోజున పెట్టిన పేరు

వర్షాలు వెనుకపట్టి దసరా సెలవులు మొదలయ్యే ఈ రోజులు పసిపిల్లలున్న ఇళ్లకు ప్రత్యేకమైనవి. ఫజర్ తర్వాత మక్తబ్‌కు వెళ్లిన పిల్లలు ఎండ ఎక్కకముందే ఇల్లు చేరి, ఖాయిదా పుస్తకం గూట్లో పెట్టి వీధిలోకి పరుగు తీస్తారు. ఒకరికి జలుబు, మరొకరికి జ్వరం. ఇల్లంతా సీతాఫలం గింజలు. దాదీ కేకలు, అమ్మీ బుజ్జగింపులు. ఈ సందడిలోనే మా ఇంట ఈసారి మరో పని వచ్చి పడింది.

సెలవులు ఇచ్చే రోజున పాప బడి నుంచి ఒక చీటీ తెచ్చింది. ఆధార్‌లోని పేరుకూ బడి రికార్డులోని పేరుకూ పొంతన లేదు, సరిచేయించుకుని రండి అన్నది దాని సారాంశం. బీరువాలోని కాగితాలన్నీ తీసి చాప మీద పరిచాం. జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు ముందు 'మహమ్మద్' పూర్తిగా ఉంది, ఆధార్‌లో అది 'ఎండీ'గా కుదించుకుపోయింది. తల్లి పేరు చివర ఒకచోట 'బేగం', ఇంకొకచోట 'బీ'. పాప పేరులో ఒక అక్షరం ఎక్కువ. "పిల్ల ఒక్కతే కదా, ఇన్ని పేర్లెందుకు?" అని దాదీ అడిగింది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదని పాఠకులకు తెలుసు. ఉర్దూలో 'జ'కు దగ్గరగా పలికే అక్షరాలు నాలుగైదు ఉన్నాయి. తెలుగులో రాసినప్పుడు అవన్నీ ఒకే 'జ'లో కలిసిపోతాయి. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు అది 'జే' అవుతుందో 'జెడ్' అవుతుందో కంప్యూటరు ముందు కూర్చున్న మనిషి చెవిని బట్టి ఉంటుంది. 'షేక్' ఒక కాగితంలో ఇంటిపేరై ముందు నిలుస్తుంది, మరొక దానిలో పేరు చివరకు చేరుతుంది. ఇందులో మోసం లేదు, దాపరికం లేదు. మూడు భాషల మధ్య ప్రయాణంలో అరిగిన అక్షరాలు మాత్రమే ఉన్నాయి.

అయితే ఆ అక్షరాల విలువ ఇప్పుడు బాగా పెరిగింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టానికి చేసిన సవరణ 2023 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. ఆ తేదీన, ఆ తర్వాత పుట్టిన బిడ్డలకు బడి ప్రవేశం, ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, ఓటర్ల జాబితా, వివాహ నమోదు, ప్రభుత్వ ఉద్యోగం వంటి వాటిలో పుట్టిన తేదీకీ స్థలానికీ జనన ధ్రువపత్రమే ఆధారం. మన ఒళ్లో ఇప్పుడు ఆడుకుంటున్న పసివాళ్లే ఈ చట్టం కింద పెరిగే తొలి తరం.

అస్సాం అనుభవం మన ముందుంది. 2019 ఆగస్టు 31న వెలువడిన పౌర పట్టికలో 19 లక్షలకు పైగా ప్రజలకు చోటు దొరకలేదు. అక్కడ పేర్లలోని అక్షరాల తేడాలు, తల్లిదండ్రులతో బంధాన్ని నిరూపించే కాగితాల లోపాలు ఎన్ని కుటుంబాలను విచారణల చుట్టూ తిప్పాయో దేశమంతా చూసింది. భయపడమని ఈ మాట చెప్పడం లేదు. భయం బారులు తీరిన వరుసల్లోకీ దళారుల చేతుల్లోకీ తోస్తుంది. తీరికగా ముందే చేసుకున్న పని ఆ రెండింటి నుంచీ కాపాడుతుంది.

ముందుగా మన ఇంటి లోపాన్ని ఒప్పుకుందాం. ఏడో రోజున అఖీఖా చేసి బిడ్డకు పేరు పెట్టడం మన సంప్రదాయం. ఆ రోజు వీలుకాకపోతే పద్నాలుగో రోజు, అదీ కాకపోతే ఇరవై ఒకటో రోజు. చట్టం జనన నమోదుకు ఇచ్చిన గడువు కూడా సరిగ్గా 21 రోజులే. అయినా అఖీఖా విందుకు ఎవరెవరిని పిలవాలో నాలుగు రోజులు ఆలోచించే మనం, పేరును ఏ అక్షరాలతో రాయించాలో నాలుగు నిమిషాలు ఆలోచించం. ఏడాది దాటితే నమోదుకు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. అంతదూరం పోనివ్వడం ఎందుకు? పేరు నిర్ణయించిన రోజునే తల్లి, తండ్రి, బిడ్డ పేర్లను ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో ఒక కాగితం మీద రాసుకుని, ప్రతి కార్యాలయంలోనూ ఆ కాగితాన్నే చూపిద్దాం. తల్లి పేరు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెళ్లికి ముందొకటి, తర్వాత ఒకటిగా మారేది సాధారణంగా ఆమె పేరే.

ఇక ప్రభుత్వం చేయవలసినది. ఉర్దూ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రెండవ అధికార భాష. ఆ హోదా బోర్డుల మీది రాతతో ఆగకూడదు. జనన నమోదు పత్రంలో ఉర్దూ పేరుకూ ఒక గడి ఉండాలి, పేర్లను లిప్యంతరం చేయడానికి ఒకే పద్ధతి ఉండాలి. అక్షరదోషాన్ని సరిచేయడానికి రోజు కూలీ వదులుకుని పలుమార్లు తిరిగే పరిస్థితి పోవాలి. రిజిస్ట్రారు చర్య వల్ల అన్యాయం జరిగిందనుకుంటే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకునే హక్కును ఇదే సవరణ ఇచ్చింది. ఆ సంగతి కార్యాలయం గోడ మీద కనబడాలి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించరాదని 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కాగితం లేదని పిల్లవాణ్ని గుమ్మం నుంచే తిప్పి పంపిన చోట ఈ సెక్షన్‌ను గుర్తు చేయడం మన కార్యకర్తల బాధ్యత. మసీదు కమిటీలు నెలకొక శుక్రవారం జుమా తర్వాత చదువుకున్న యువకులను ఇద్దరిని కూర్చోబెట్టి, కాగితాలు సరిచూసే ఏర్పాటు చేయగలవు. దానికి నిధులక్కర లేదు.

మా పాప కాగితాల్లో రెండు సరిచేయించాం, ఒకటి ఇంకా మిగిలింది. సెలవులు ముగిసేలోగా అదీ పూర్తి చేయాలన్నది మా ప్రయత్నం. ఏడో రోజున ప్రేమతో చెవిలో పలికిన పేరు ఆ బిడ్డకు మనమిచ్చిన తొలి ఆస్తి. ఆ ఆస్తి దస్తావేజును తప్పులు లేకుండా అప్పగించడం కూడా పెంపకంలో భాగమే.