రాజధానియు వర్తకుని ధైర్యమును

వర్తకునకు రూపాయలు మాత్రమే మూలధనము కాదు. రేపటిదినమునందలి నమ్మకమును మూలధనమే. వాన జాడ తెలియనపుడు రైతు విత్తనములను గాదెలోనే యుంచుకొనును. ప్రభుత్వపు నిశ్చయములకు నిలుకడ లేనపుడు వర్తకుడును తన ధనమును పెట్టెలోనే యుంచుకొనును.

ఇందులకు దృష్టాంతమును దూరదేశములయందు వెదుకనక్కఱలేదు. ఆంధ్రులకు 1953లో కర్నూలును, 1956లో హైదరాబాదును రాజధానులయ్యెను. 2014లో రాష్ట్రము విడిపోగా, 2015 అక్టోబరు 22వ తేదీని అమరావతికి శంకుస్థాపన జరిగెను. రైతులు 33,000 ఎకరములకు పైగా భూమిని ప్రభుత్వమునకు సమర్పించిరి. 2019లో ప్రభుత్వము మాఱెను. ఆ యేటనే ప్రపంచబ్యాంకు ఋణప్రయత్నము విరమింపబడెను. సింగపూరు సంస్థలతోడి యొడంబడికయు ముగిసెను. డిసెంబరులో మూడు రాజధానుల యాలోచన వెలువడెను. 2020లో అది చట్టమయ్యెను; 2021లో ఆ చట్టము ఉపసంహరింపబడెను. 2024లో ప్రభుత్వము మరల మాఱినపిదప, నిలిచిన కట్టడముల చుట్టును పెరిగిన ముండ్లకంపను నఱికించి పనులు సాగింపవలసివచ్చెను. ఆ డిసెంబరులో ప్రపంచబ్యాంకు 80 కోట్ల డాలర్ల ఋణమును మంజూరు చేసెను.

ప్రజలు ఎన్నుకొన్న నూతన ప్రభుత్వమునకు విధానము మార్చు నధికారము లేదాయని కొందఱడుగవచ్చును. ఉన్నది. అభివృద్ధి యంతయు నొక్కచోటనే చేరునను రాయలసీమవారి భయమును నిరాధారము కాదు. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక ఆ భయమునుండియే పుట్టినది. అయినను విధానము వేఱు, ఇచ్చిన మాట వేఱు. రైతుతో వ్రాసికొన్న పత్రము పార్టీది కాదు, రాష్ట్రముది. దానిని మార్చవలసివచ్చినచో ముందుగా నష్టపరిహారము చెల్లించి పిమ్మట మార్చుట ధర్మము.

పెద్ద సంస్థలు ఒకచోట కాకున్న మఱియొకచోట పెట్టుబడి పెట్టుకొనగలవు. పొలము నిచ్చివేసిన రైతు ఎక్కడికి పోగలడు? రాజధాని వచ్చునని యప్పు చేసి పూటకూటియిల్లు తెఱచిన వాని వడ్డీ, ఎన్నికల ఫలితముకొఱకు ఆగునా? అనిశ్చయపు భారము తుదకు చిన్నవారి వీపుమీదనే పడుచున్నది.

కావున మేము కోరునది యొక్కటియే. ప్రభుత్వములు మాఱవచ్చును, రాష్ట్రము చేసిన సంతకము మాత్రము మాఱరాదు. విద్యార్థులారా! రేపు మీలో కొందఱు వర్తకులును, కొందఱు అధికారులును, అందఱును ఓటర్లును కాగలరు. ఓటు వేయునపుడు, ఎవరేమి కట్టింతుమనిరో యని మాత్రమే గాక, పూర్వులిచ్చిన మాటను ఎవరు నిలుపుదురో యనియు విచారింపుడు.