పచ్చ మొహం నాయిన

మాది అబ్దుల్లాపూర్‌మెట్ అనగానే అందరూ అడిగేది ఒక్కటే... "ఫిల్మ్ సిటీ పక్కనే కదండీ! రోజూ స్టార్లను చూస్తుంటారా?" అని. రామోజీ ఫిల్మ్ సిటీ మా మండలంలోనే ఉందన్న మాట నిజమే గానీ, నేను రోజూ చూసే స్టారు ఒక్కడే. మా నాయిన!

ఆయన దిల్‌సుఖ్‌నగర్ బజారులో గంటసేపు బేరమాడి, చివరికి చెప్పిన ధర కంటే పది రూపాయలు ఎక్కువిచ్చి వచ్చే రకం. ఫ్యాను బాగుచేస్తానని నిచ్చెనెక్కితే ఇల్లంతా చీకటి! చిన్నప్పుడు స్నేహితుల ముందు నాకు తల కొట్టేసినట్టుండేది.

మొన్న ఆదివారం ఫోన్‌లో 'ది సింప్సన్స్' చూస్తుంటే పక్కన చేరాడు.

"ఎవడ్రా గీ పచ్చ మొఖపోడు?"

హోమర్ సింప్సన్ అని చెప్పాను. 1989 డిసెంబరులో అమెరికాలో ఫాక్స్ టీవీలో మొదలైన బొమ్మల సీరియల్ ఇది. బొమ్మలే కదా అని చంటిపిల్లల ముందు పెట్టేరు సుమా! ఇది పెద్దల వ్యంగ్యం. హోమర్ అణు విద్యుత్ కేంద్రంలో భద్రత చూసే ఉద్యోగి. అతగాడు కునుకు తీస్తే ఊరి భద్రత దేవుడి మీదే భారం! అన్నట్టు, సృష్టికర్త మాట్ గ్రోనింగ్ ఈ పాత్రకు కన్నతండ్రి పేరే పెట్టాడు. ఆ అసలు హోమర్ మాత్రం కార్టూనిస్టు, సినిమాలు తీసిన మనిషి.

మనకు మాత్రం తక్కువా? 1987లో జంధ్యాల 'అహ నా పెళ్ళంట'లో కోట శ్రీనివాసరావు గారి లక్ష్మీపతి లేడూ? కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తిన్న మహానుభావుడు! కోట గారు 2025లో వెళ్ళిపోయారు గానీ, ఆ కోడి మన కళ్ళ ముందు ఇంకా వేలాడుతూనే ఉంది.

అయితే ఒక తేడా ఉంది. మన సినిమా తండ్రి ఎలాంటివాడైనా 'శుభం' కార్డు పడేలోగా మారాలి. హోమర్‌కి ఆ తొందర లేదు. ముప్ఫై ఏళ్ళు దాటినా కొడుకు బార్ట్‌కి పదేళ్ళే! ఈ వారం వచ్చిన బుద్ధి వచ్చే వారానికి మాయం. నిజం చెప్పండి, మన ఇళ్ళల్లో ఉండేది ఏ రకం?

ఆ రోజు మేం చూసింది 1995 నాటి భాగం. హోమర్ యజమాని బుర్ర మీద డప్పు వాయించి మరీ ఉద్యోగం వదిలేసి, ఇష్టమైన చోట పనికి కుదురుతాడు. ఇంతలో మూడో బిడ్డ మాగీ రాబోతోందని తెలుస్తుంది. జీతం చాలదు. మోకాళ్ళ మీద పాకుతూ పాత ఉద్యోగానికే వెళ్తాడు. 'ఇక శాశ్వతంగా ఇక్కడే' అన్న అర్థం వచ్చే పలకొకటి యజమాని అతని ఎదుట పెట్టిస్తాడు. హోమర్ దాని మీద మాగీ ఫోటోలు అతికిస్తాడు. కొన్ని అక్షరాలు మూసుకుపోయి, మిగిలినవి 'ఆమె కోసం చెయ్యి' అని చెబుతాయి.

అంతదాకా పగలబడి నవ్విన నాయిన ఆగిపోయాడు.

"మళ్ల గా నౌకరికే పోయిండా?"

"పోయాడు నాయినా."

"పోవాలె మరి" అని లేచి మంచినీళ్ళకు వెళ్ళాడు.

నేను పుట్టిన ఏడాదే ఆయన సొంత సైకిలు దుకాణం మూసేసి, వదిలేసిన గుమాస్తా పనికే మళ్ళీ వెళ్ళాడని అమ్మ ఎప్పుడో చెప్పింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున వంటింట్లో బల్బు మారుస్తానని నిచ్చెనెక్కాడు. నేను నోరు మూసుకుని నిచ్చెన పట్టుకున్నాను. ఫ్యూజు పోయిందనుకోండి... అది వేరే సంగతి!