గుండె వేగానికి గీటురాయి ఏది?

స్మార్ట్‌వాచీల గుండె వేగం లెక్కల మీద మన పత్రికల్లో వచ్చే వార్తలు రెండే రకాలు. ఒకటి ‘ఆస్పత్రి యంత్రానికి దీటు’ అంటుంది, రెండోది ‘నమ్మితే అంతే సంగతులు’ అంటుంది. పరీక్ష ఎలా చేశారు, దేనితో పోల్చారు, ఏ అంకెలు వదిలేశారు అన్నది రెండింట్లోనూ ఉండదు. అది తెలియకుండా వాచీ మీద తీర్పు చెప్పడం కుదరదు.

ఫిట్‌బిట్ కేసు చూడండి. ఛార్జ్ హెచ్‌ఆర్, సర్జ్ వంటి పరికరాలు వ్యాయామంలో గుండె వేగాన్ని సరిగా చూపడం లేదంటూ 2016 జనవరిలో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో వినియోగదారులు దావా వేశారు. ఆ మే నెలలో వాళ్ల లాయర్లు కాల్ పాలీ పొమోనా పరిశోధకులతో చేయించిన అధ్యయనాన్ని బయటపెట్టారు. 43 మందిని పరీక్షిస్తే, ఓ మోస్తరు నుంచి తీవ్రమైన వ్యాయామంలో తేడా సగటున నిమిషానికి 20 బీట్ల దాకా తేలింది. కంపెనీ రెండు అభ్యంతరాలు చెప్పింది: డబ్బిచ్చింది లాయర్లు, పోల్చడానికి వాడిన ఛాతీ పట్టీ అసలైన వైద్య ఈసీజీ కాదు. పత్రికలు ఇరుపక్షాల మాటా అచ్చేసి చేతులు దులుపుకున్నాయి.

ఆ అభ్యంతరాలను తూచి చూడాల్సింది. ఛాతీ పట్టీ ఈసీజీలాగే గుండె విద్యుత్ సంకేతాన్ని పట్టుకుంటుంది. మణికట్టు వాచీ ఆకుపచ్చ కాంతి వేసి, చర్మం కింద రక్తం హెచ్చుతగ్గుల నుంచి గుండె వేగాన్ని ఊహించుకుంటుంది. 2017లో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యులు 50 మందితో చేసిన పరీక్షలో ఛాతీ పట్టీ ఈసీజీతో దాదాపు పూర్తిగా సరిపోయింది. మణికట్టు పరికరాలు వెనకబడ్డాయి. పట్టీలన్నీ ఒకటి కావు, నిజమే. అయినా 20 బీట్ల తేడాను పట్టీ మీదికి నెట్టేయడానికి ఆ అభ్యంతరం చాలదు. ఇక డబ్బెవరిచ్చారన్న ప్రశ్న న్యాయమైనదే. కంపెనీలు సొంతంగా చేయించుకునే పరీక్షలకూ అదే ప్రశ్న వేయాలి. ఇక కోర్టులో, ఖాతా తెరిచేటప్పుడు ఒప్పుకున్న షరతుల్లో మధ్యవర్తిత్వ నిబంధన ఉందని కంపెనీ వాదించడంతో, కేసు చాలాకాలం దాని చుట్టూనే తిరిగింది.

అసలు చిక్కు సగటులో ఉంది. వంద నిమిషాల పరీక్షలో 90 నిమిషాలు మనిషి కుదురుగా ఉన్నాడు, వాచీ ఒక్క బీటు తేడా చూపింది. మిగతా పది నిమిషాలు పరుగెత్తాడు, 30 బీట్లు తేడా వచ్చింది. సగటు తప్పు నాలుగు బీట్ల లోపే! పెట్టె మీద గొప్పగా అచ్చేసుకోవచ్చు. సగటు లోతు చూసి ఏరు దాటబోయినవాడి గతే ఇక్కడ కొనుగోలుదారుది. పరుగులో అడుగుల లయ నిమిషానికి 160 దాటితే, గుండె 130 దగ్గరే ఉన్నా వాచీ ఆ అడుగులనే గుండె అనుకుని 160 చూపించే ప్రమాదం ఉంది. సంకేతం దొరకనప్పుడు తెర మీద అంకెకు బదులు గీతలు పడతాయి. ఆ నిమిషాలను లెక్కలోంచి తీసేస్తే వాచీకి మార్కులు ఇంకా పెరుగుతాయి.

రెండు కొలతలు కలిసి పెరిగి కలిసి తగ్గినంత మాత్రాన ఒకదానికొకటి సరిపోయినట్టు కాదని గణాంకవేత్తలు బ్లాండ్, ఆల్ట్‌మన్ 1986లోనే వైద్య పత్రిక ‘లాన్సెట్’లో తేల్చి చెప్పారు. సగటు తేడాతో పాటు, తేడా ఎంత దాకా పోతోందో ఆ హద్దులూ చూపాలన్నారు. వార్తల్లో ఆ హద్దులు ఎప్పుడైనా కనిపించాయా?

మన చర్మం రంగు సంగతీ తేలలేదు. స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2017లో 60 మందితో ఏడు పరికరాలను పరీక్షించి, ముదురు చర్మం మీద తప్పు ఎక్కువన్నారు. డ్యూక్ పరిశోధకులు 2020లో 53 మందితో చూసి, చర్మం రంగుతో చెప్పుకోదగ్గ తేడా లేదన్నారు, కదలికలో మాత్రం తప్పు పెరిగిందన్నారు. ఇంత చిన్న గుంపులతో చామనఛాయ చేతుల మీద భరోసా ఇవ్వలేం.

చట్టం ఏమంటోంది? 2020 ఫిబ్రవరి 11 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం ఒక వస్తువు వైద్య పరికరం అవునో కాదో నిర్ణయించడంలో తయారీదారు ఉద్దేశం కీలకం. కంపెనీలు దీన్నే ఆసరా చేసుకుంటున్నాయి. ప్రకటనలో గుండె బొమ్మ, పెట్టె అడుగున ‘వైద్య అవసరాలకు కాదు’ అన్న చిన్న అక్షరాలు. ఉద్దేశానికి ఆ చిన్న అక్షరాలు ఎంత సాక్ష్యమో ప్రకటన కూడా అంతే సాక్ష్యమని నా వాదన. పోనీ వైద్య పరికరం కాదనే అనుకుందాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం అప్పుడూ వర్తిస్తుంది. తప్పుదోవ పట్టించే ప్రకటనను ఆపించి, మొదటిసారికే పది లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ఉంది.

‘కచ్చితమైన గుండె వేగం’ అని ప్రకటించే ప్రతి కంపెనీ నుంచీ ఆ సంస్థ పరీక్ష అంకెలన్నీ తెప్పించుకోవాలి. వదిలేసిన నిమిషాలతో సహా వాటిని జనం ముందు పెట్టాలి. నిరూపించాల్సిన భారం అమ్మేవాడిది.