మా జొన్నచేను పిట్ట

పిట్టల్ని చూడ్డానికి సముద్రాలు దాటి వెళ్ళివచ్చానంటే మా కాలేజీలో ఎవరూ నమ్మలేదు. "మీ ఊరి చెరువుగట్టు మీద లేవా మాస్టారూ పిట్టలు?" అన్నారు మా లెక్కల మాస్టారు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. అసలు నేను బయల్దేరింది పిట్టల కోసం కానే కాదు. ఒక సంతకం కోసం.

మాది తాండూరు దగ్గర నల్లరేగడి పల్లె. నాన్నగారు పోయాక నాకూ మా తమ్ముడికీ కలిపి నాలుగెకరాల చేను మిగిలింది. తమ్ముడు పదిహేనేళ్ళుగా జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. నేను పట్నంలో పాఠాలు చెప్పుకుంటున్నాను. చేను కౌలుకిచ్చాం, కౌలుదారు పత్తి వేస్తున్నాడు. ఇంతలో మంచి ధర ఇస్తానని ఒకాయన వచ్చాడు. తమ్ముడికి ఫోను చేస్తే, "ఏప్రిల్ ఆఖర్న నేను గ్రీసులో ఉంటనన్నా. లెస్బోస్ అని ద్వీపం. నువ్వు కూడ రా, టికెట్టు నేను పంపిస్త. కాగితాలు అక్కడ్నే చూద్దాం" అన్నాడు. కాగితాలు పోస్టులో పంపితే సరిపోయేదానికి ఇంత దూరం ఎందుకని మా ఆవిడ అడిగింది గాని, టికెట్టు ఊరికే వస్తున్నదన్నాక మళ్ళీ అడగలేదు. అలా 2024 ఏప్రిల్‌లో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దేశం దాటాను.

ఏథెన్సు రేవులో సాయంత్రం ఓడెక్కితే తెల్లవారేసరికి లెస్బోస్ చేరాం. పటంలో చూస్తే ఇది గ్రీసు కంటే టర్కీకే దగ్గర. ఉత్తరపు ఒడ్డున నిలబడితే పది కిలోమీటర్ల అవతల టర్కీ కొండలు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తాయి. 2015లో యుద్ధాలకు తాళలేక ఇళ్ళు విడిచిన జనం, ఒక్క ఏడాదిలో సుమారు అయిదు లక్షలమంది, రబ్బరు పడవల్లో ఈ సన్నటి సముద్రాన్నే దాటి ఇక్కడ దిగారట. ఆ ఒడ్డున నిలబడి తమ్ముడు ఈ మాట చెప్పినప్పుడు మా తల మీదుగా వానకోయిలలు ఒకటి తర్వాత ఒకటి సముద్రంమీద నుంచి వచ్చి ఊళ్ళోకి పోతున్నాయి. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ద్వీపమంతా ఆలివు తోటలు. నడుమ కల్లోని అనే పెద్ద అఖాతం, దాని తలాపున ఉప్పుమళ్ళు. మా బస అక్కడే. తెల్లవారకముందే ఇంగ్లీషువాళ్ళూ డచ్చివాళ్ళూ ముసలీ ముతకా అంతా మూడుకాళ్ళ పీటలమీద దుర్భిణులు బిగించి ఉప్పుమళ్ళ గట్ల వెంట వరసగా నిలబడతారు. ఒకరితో ఒకరు గుసగుసలే తప్ప గట్టిగా మాట్లాడరు. మొదటిరోజు నాకది తద్దినం పెట్టేచోట మర్యాదలా తోచింది. మళ్ళలో గులాబిరంగు ఫ్లెమింగోలు. "ఇవి మన పులికాట్‌లోనే ఉన్నాయి కదరా!" అన్నాను, నాకు తెలిసింది ఒకటి దొరికిందన్న సంతోషంతో. తమ్ముడు నవ్వి ఊరుకున్నాడు.

ఇంతకూ ఈ జనమంతా ఇక్కడికే ఎందుకు వస్తారంటే, వసంతంలో ఈ ద్వీపం ఒక సత్రం వంటిది. ఆఫ్రికాలో శీతకాలం గడిపిన పిట్టలు సహారా ఎడారి దాటి, మధ్యధరా సముద్రం దాటి, గుడ్లు పెట్టుకోవడానికి యూరపుకు పోతాయి. కొంగలూ గద్దలూ వంటి పెద్దవి నేలమీద నుంచి లేచే వేడిగాలి ఆసరాగా రెక్క కదపకుండా తేలిపోయే జాతి. సముద్రంమీద ఆ వేడిగాలి లేవదు గనుక అవి వీలైనంతవరకు చుట్టు తిరిగి భూమిమీదుగానే పోతాయి. చిన్న పిట్టలకు ఆ బాధ లేదు. అవి ఎక్కువగా రాత్రిళ్ళు, తమ రెక్కల సత్తువతోనే ఎగురుతాయి. బయల్దేరేముందు తిని తిని కొవ్వు పట్టిస్తాయి. దారి పొడుగునా ఆ కొవ్వే చద్దిమూట. ఎదురుగాలో వానో వచ్చిందా, కనిపించిన మొదటి నేలమీద దిగిపోతాయి.

మేము వెళ్ళిన మూడోరాత్రి వాన పడింది. మర్నాడు పొద్దున మా బస వెనక అంజూరపు చెట్టు చూడాలి! ఒకే కొమ్మమీద నాలుగు రకాల పిట్టలు. పసుపుపచ్చని వంగపండు పిట్ట ఒకటి, తడిసిన ఈకలతో, మనిషి దగ్గరకు వెళ్ళినా కదలకుండా కూర్చుంది. భయం లేక కాదు, ఎగిరే ఓపిక లేక. అంతవరకు ఈ వ్యవహారాన్ని కొంచెం వేళాకోళంగానే చూస్తున్న నేను ఆ పిట్టను చూశాక నోరు మూసుకున్నాను.

ఈ కల్లోని అఖాతం ఒడ్డునే, క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో, అరిస్టాటిల్ రెండేళ్ళ పాటు చేపల్నీ నత్తల్నీ పిట్టల్నీ పరిశీలించాడని చెబుతారు. కొంగజాతి క్రౌంచాలు ఉత్తరపు మైదానాల నుంచి నైలునది పుట్టేచోటి చిత్తడినేలలకు పోతాయని ఆయన అప్పుడే రాసిపెట్టాడు. అంతటి మహానుభావుడూ వానకోయిలల దగ్గర తప్పులో కాలేశాడు. చలికాలంలో కొన్ని ఎక్కడికీ పోవనీ, ఈకలన్నీ రాల్చుకుని బొరియల్లో దాక్కుంటాయనీ రాశాడు. ఆ మాటను యూరపులో రెండువేల ఏళ్ళ దాకా నమ్మినవాళ్ళున్నారు. పరీక్ష పేపర్లు దిద్దుకునేవాణ్ణి గనుక నాకిది కొంత ఊరట కలిగించిందని ఒప్పుకోవాలి.

అయిదోరోజు కారులో పడమటి కొండలవైపు వెళ్ళాం. అక్కడ ఆలివు తోటలు ఉండవు. రాళ్ళు, ముళ్ళపొదలు, గొర్రెలు. అచ్చం మా వికారాబాదు గుట్టలే. రోడ్డు పక్కన తీగమీద ఒక పిట్ట కూర్చుని గొంతెత్తి పాడుతున్నది. మొదట రెండు మూడు ముక్కలు గరగరగా, తర్వాత గబగబా పైకెక్కే పాట. నల్లని తల, పొట్టంతా మేలిమి పసుపు, వీపు ఇటుకరంగు. తమ్ముడు కారాపి దుర్భిణి నా చేతికిచ్చాడు.

"గుర్తుపట్టినవా అన్నా?"

"ఏ పిట్టరా ఇది? ఎన్నడూ చూడలేదే."

"సరిగ చూడు. మంచె మీది నుంచి చూసినట్టు చూడు."

అప్పుడు గుర్తుకొచ్చింది. యాసంగి జొన్న పాలు పోసుకునే రోజుల్లో మా చేనుమీద మబ్బులా దిగే పచ్చపిట్టలు! శీతకాలంలో తల ఇంత నల్లగా ఉండదు, మాసినట్టుంటుంది. అదీగాక ఆ నెలల్లో దాని నోట ఈ పాట ఒక్కసారైనా విన్న గుర్తు నాకు లేదు. ఇంగ్లీషులో దీన్ని బ్లాక్ హెడెడ్ బంటింగ్ అంటారు. యూరపు పిట్టల్లో చాలా భాగం ఆఫ్రికాకు పోతే, ఇది మాత్రం తూర్పుకు తిరుగుతుంది. టర్కీ, ఇరాన్, పాకిస్తాన్ల మీదుగా మన దేశపు జొన్నచేలకు వచ్చి చలికాలం గడిపి, వేసవి ముదరకముందే వెళ్ళిపోతుంది. లెస్బోస్ నుంచి మా ఊరికి తిన్నగా గీత గీస్తే సుమారు 5,500 కిలోమీటర్లు. పిట్ట బరువు ముప్ఫై గ్రాములు.

ఈ పిట్టకూ నాకూ ఒక పాతలెక్క ఉంది. నాకు పదకొండేళ్ళప్పుడు, బడి ఎగ్గొట్టించి నాన్న నన్ను మంచె ఎక్కించారు. అప్పు చేసి వేసిన జొన్న. పిట్టలు తిన్న కంకి తిన్నట్టే. వడిసెలతో నేను కొట్టిన రాయి ఒకదానికి తగిలింది. నాన్న "శెబాష్" అని, దాన్ని మిగతావాటికి బుద్ధిరావడానికని చేను నడుమ కర్రకు తలకిందులుగా కట్టారు. తమ్ముడికప్పుడు ఆరేళ్ళు. రాత్రి ఎవరికీ తెలియకుండా వెళ్ళి దాన్ని విప్పి పాతిపెట్టి వచ్చాడు. పొద్దున నాన్న చేతిలో దెబ్బలు తిన్నాడు గాని, నాతోనే మూడురోజులు మాట్లాడలేదు. నేను మరిచిపోయాను. వాడు మరిచిపోలేదు.

సాయంత్రం ఉప్పుమళ్ళ గట్టుమీద కూర్చున్నప్పుడు వాడొక సంగతి చెప్పాడు. 1822లో జర్మనీలో ఒక ఊళ్ళో ఒక కొంగ దిగిందట. దాని మెడలో ఆఫ్రికావాళ్ళు వేసిన పొడుగాటి బాణం గుచ్చుకుని ఉంది. ఆ బాణంతోనే అది అంతదూరం ఎగిరివచ్చింది. కొంగలు చలికాలం ఎక్కడికి పోతాయో ఆ దెబ్బే తేల్చిచెప్పింది. రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఇప్పటికీ ఆ కొంగను భద్రపరిచి ఉంచారు. పిట్టకాళ్ళకు నంబరు కొట్టిన అల్యూమినియం కడియాలు తొడిగే పద్ధతి డెన్మార్కులో 1899లో గాని మొదలుకాలేదు.

"అంతకుముందు మనిషికి పిట్ట జాడ తెల్వాలంటే దెబ్బ కొట్టాల్సిందే అన్నట్టు" అన్నాడు వాడు. నన్ననలేదు. అయినా నాకు తగిలింది.

"నాన్న తప్పేముందిరా? అప్పులవాడు గుమ్మంలో కూచునేవాడు" అన్నాను.

"నాయిన తప్పని నేనంటనా? ఆ యేడు మనం తిన్నది ఆ జొన్నలే."

నేను సంచిలోనుంచి కాగితాలు తీశాను. వాడు చీకటి పడుతున్నా మొదటి పుట నుంచి చివరిదాకా చదివాడు. చదివి మడిచి నా చేతికే ఇచ్చాడు.

"అమ్ముదామంటె అమ్ముదాం. నువ్వెట్లంటె అట్ల. గని ఒక్క యాసంగి ఆగరాదే? ఒక్క ఎకరం జొన్న వేయిద్దాం. ఖర్చు నాది."

"జొన్న వేస్తే మంచె మీద ఎవడు కూచుంటాడురా ఈ రోజుల్లో?"

"ఎవ్వరు కూసోవద్దు" అన్నాడు తమ్ముడు.

కొనేవాడు వారానికి రెండుసార్లు ఫోను చేస్తున్నాడు. కాగితాలు ఇంకా నా సంచిలోనే ఉన్నాయి.