అటకెక్కిన అష్టాచెమ్మా

మొన్న మా తోడికోడలింటికి వెళ్ళినప్పుడు, ఊరగాయ జాడీ దించుదామని స్టూలెక్కితే అటక మీద వరసగా అట్టపెట్టెలు కనబడ్డాయి. తను ముచ్చటపడి చేయించిన అష్టాచెమ్మా ఆటలు. 300 చేయిస్తే 200 పైగా అలాగే ఉన్నాయి. పోయిన వాటిలో సగం చుట్టాలకి ఊరికే ఇచ్చినవే.

"ఆట బాగాలేదేమో అక్కా" అంది చిన్నబోయి.

బాగాలేకపోవడమేమిటి! మంచి నేతగుడ్డ మీద అయిదు నిలువు, అయిదు అడ్డం గళ్ళు కుట్టించింది. ఏటికొప్పాక నుంచి లక్క కాయలు తెప్పించింది. నాలుగు గవ్వలు, ఎలా ఆడాలో తెలుగులో రాసిన కాగితం పెట్టింది. ఆ కాగితం రాసింది నేనే. నా బి.ఏ. తెలుగు అలా ఒకసారి అక్కరకొచ్చింది. వేసవి సెలవుల్లో మా పిల్లలు ఫోన్లు పక్కన పడేసి మరీ ఆడారు. తప్పు ఆటలో లేదు, లెక్కలో ఉంది.

పెట్టెకి తనకైన ఖర్చు 190 రూపాయలు. 350కి అమ్మితే 160 మిగులుతుందనుకుంది. బొమ్మల షాపాయన ధరలో 40 శాతం తనకి కావాలన్నాడు. అంటే చేతికొచ్చేది 210. అదీ అమ్ముడయ్యాకే ఇస్తాడు, మిగిలినవి తిరిగి తెచ్చుకోవాలి. ఆ 20 రూపాయల లాభం ఆటోకే చాలదు. ఊరూరా షాపులకి సరుకు వేసే డిస్ట్రిబ్యూటరయితే 140కి ఇమ్మన్నాడు. పెట్టెకి 50 రూపాయలు ఎదురివ్వాలన్నమాట!

నేనూ మొదట వాళ్ళనే తిట్టుకున్నాను. కానీ షాపుకి అద్దె, కరెంటు, పనివాళ్ళ జీతాలు ఉంటాయి. డిస్ట్రిబ్యూటరుకి గోడౌను, లారీ కిరాయి, షాపులకిచ్చే అరువు ఉంటాయి. విదేశాల్లోనూ ఇంచుమించు ఇదే పద్ధతి. అందుకే ఈ వ్యాపారం తెలిసినవాళ్ళు తయారీ ఖర్చుకి నాలుగైదు రెట్లు ధర వేస్తారు. వేలకొద్దీ చేయించే పెద్ద కంపెనీకి ఒక్కో పెట్టె ఖర్చు తక్కువ పడుతుంది కాబట్టి గిట్టుబాటవుతుంది. మా తోడికోడలు అలా వేస్తే అష్టాచెమ్మా 950 అవుతుంది. నేనే కొనను!

ఇంకో మాట. ఆ 190లో తన కూలి లేదు. గవ్వలు ఏరింది, కాయలు లెక్కపెట్టింది, పెట్టెలు మడిచింది. "ఇంట్లో ఖాళీగానే ఉంటాను కదక్కా" అంటుంది. మనందరికీ ఉన్న జబ్బే ఇది. మన చేతి పనికి మనమే సున్నా వేసుకుంటే ఎదుటివాడు వెల కడతాడా?

స్క్రాబుల్ తెలుసుగా, ఇంగ్లీషు అక్షరాలతో పదాలు కట్టే ఆట. దాన్ని తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్‌ని అమెరికా కంపెనీలు వెనక్కి పంపేశాయి. తర్వాత జేమ్స్ బ్రూనో అనే ఆయన తన ఊళ్ళోనే పెట్టెలు చేయించి అమ్మాడు. 1949లో 2,400 పెట్టెలు చేస్తే 450 డాలర్ల నష్టం. ఆడినవాళ్ళు ఇంకొకరికి చెప్పి, ఆ నోటా ఈ నోటా పాకి, 1952 నాటికి పెద్ద పెద్ద షాపులే అడిగి తెప్పించుకున్నాయి.

నాకు అర్థమైంది ఇదే. ఎవరూ ఎరగని ఆట షాపు అరలో మూగది. పెట్టె మీద బొమ్మ చూసి ఎవరూ కొనరు, పక్కన కూర్చుని ఒక పందెం వేస్తేనే కొంటారు. మావారు "ఆన్‌లైన్‌లో పెట్టేస్తే సరి" అంటారు. అక్కడా కమీషన్ ఉంది, కొరియర్ ఉంది, వెనక్కొచ్చే సరుకుంది. చిన్నవాళ్ళు ముందు ఆట ఆడే చోటికే వెళ్ళాలి. బొమ్మల కొలువులు, అపార్ట్‌మెంటు సంబరాలు, బడిలో పిల్లల పండగ, పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులు. అక్కడ పూర్తి ధర చేతికొస్తుంది. ఎవరైనా ఒకేసారి 50 తీసుకుంటే కాస్త తగ్గించినా నష్టం లేదు. నలుగురూ అడగడం మొదలయ్యాక, ఎక్కువ చేయించి ఖర్చు తగ్గాక, అప్పుడు షాపు మెట్లెక్కొచ్చు. తను ముందు షాపుకెళ్ళింది, అదీ పొరపాటు.

ఆ 57,000 తను చీటీ పాడి తెచ్చిన డబ్బు. ఇంకా వాయిదాలు కడుతూనే ఉంది. అందుకే మీకీ మాట. మనం పెద్ద షాపులో 800 పెట్టి ప్లాస్టిక్ ఆట మాట్లాడకుండా కొంటాం. తెలిసినావిడ 350 అంటే "మనలో మనకేంటి, 200 చేసుకో" అంటాం. షాపాయన 40 శాతం కోస్తాడని బాధపడే మనమే, మనవాళ్ళ దగ్గర 43 శాతం కోస్తున్నాం!

ఈ సంక్రాంతికి మా ఇంట్లో కొలువు పక్కన చాప పరిచి, ఆ పెట్టెలు అటక దింపించి పెడుతున్నాను. పేరంటానికి వచ్చినవాళ్ళు కూర్చోండి, గవ్వలు వెయ్యండి. ఆట ఆడండి, బేరం మాత్రం ఆడకండి.