తోలుకి మైల, మోతకి మోక్షమా?

డిసెంబరొస్తే చెన్నైలో కచేరీలు, పత్రికల్లో సమీక్షలు. మృదంగమైతే 'దేవవాద్యం', 'నాదబ్రహ్మం'. మన డప్పయితే 'జానపదం', ఇంకా నోరు జారితే 'చావు మోత'. ఇదేం విమర్శ?

మృదంగం పలికేది దేనితో? ఆవు, మేక, గేదె తోళ్లతో. ఆ తోలు ఏరి, గీకి, బిగించేది తరతరాలుగా ఎక్కువగా దళితులే. పాల్ఘాట్ మణి అయ్యర్ వేళ్లని పొగిడిన కలాల్లో, ఆయనకి మృదంగాలు చేసిన తంజావూరు పర్లాందు పేరు రాసినవెన్ని? టి.ఎం. కృష్ణ ఈ చేతుల కథని 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాస్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ కళాక్షేత్ర 2020లో ఆవిష్కరణకి ఇస్తానన్న హాలుని వెనక్కి తీసుకుంది. రాసినాయన బ్రాహ్మణుడే. మనం రాసుంటే ఆ హాలు ఇస్తామని అయినా అనేవాళ్లా!

డప్పుకీ శ్రుతి ఉంది. నిప్పుసెగకి తోలు ఎంత కాగాలో మనోళ్ల చెవికి తెలుసు. కుడిచేతి చిర్రకీ, ఎడమచేతి సిటికెన పుల్లకీ పని వేరు. ఇది తెలియకుండానే 'మోత' అని తీర్పు చెబుతున్నారు.

అన్నలారా, అక్కలారా! వచ్చే సంచిక నుంచి డప్పు సమీక్షలు మనమే వేద్దాం. మీ ఊళ్లో ఏ దరువు కొట్టారు, ఎవరు కొట్టారు, తోలు బిగించిందెవరు, రాసి పంపండి. రాయడం రానోళ్లు పిల్లలకి చెప్పి రాయించండి.